కొరియా వకీళ్ళూ కొండపల్లి కేసూ

భానుశ్రీ నోట్లో ఉన్నది నాలుక కాదు, కత్తిపీట అని బెజవాడ కోర్టుల్లో ఒక మాట వాడుకలో ఉంది. ఆ మాట పుట్టించినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ కత్తిపీట మీద తరిగించుకున్నవాళ్ళే. ముప్పై దాటిన మనిషి, ఫ్యామిలీ కోర్టు లాయరు. గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు పైన గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు చేస్తోంది. విడాకులు, మనోవర్తి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగవులు, వీటితోనే ఆమెకు తెల్లవారుతుంది, వీటితోనే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం అన్నం చాలాసార్లు కోర్టు ఆవరణలో స్కూటీ సీటు మీద టిఫిన్ బాక్సు పెట్టుకుని నిలబడే తినేస్తుంది.

అలాంటి మనిషి ఒక కొరియా సీరియల్ కోసం నెల్లాళ్ళు ఎదురుచూసింది. తెలిస్తే పరువు పోతుందని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నిజానికి కొరియా పిచ్చి ఆమె తల్లి వెంకటరత్నమ్మది. మోకాళ్ళ నొప్పులొచ్చి పటమటలో సాయంత్రపు నడక మానేశాక ఆవిడ తెలుగు డబ్బింగులో ఆ సీరియళ్ళు చూడ్డం మొదలుపెట్టింది. “వాళ్ళూ మనలాగే అన్నం తింటారే. పచ్చళ్ళు పెట్టుకుంటారు. అత్తగార్లయితే అచ్చం మనవాళ్ళే,” అనేది. తండ్రి వెంకటప్పయ్యకు వన్ టౌన్‌లో బెల్లం హోల్‌సేల్ షాపు. ఆయన ఇంటికొచ్చే వేళకు తెర మీద ఎవరో ఒకరు మంచులో నడుస్తూ ఉండేవారు. “వీళ్ళకి పనీపాటా ఉండదా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు.

ఆ జనవరిలో కొత్త సీరియల్ ప్రకటన వచ్చింది. పేరు ‘ప్రియమైన ప్రతివాదీ’. ఇద్దరు విడాకుల లాయర్ల ప్రేమకథ అట. పేరు విని భానుశ్రీ మూతి తిప్పుకుంది. కానీ ఆ ప్రకటనలో ఒక్క ముక్క ఆమెను పట్టేసింది. కోర్టు బయట ఆపిన కారులో ఒక లాయరమ్మ కూర్చుని ఉంటుంది. ఒక చేత్తో ఏదో తింటూ, రెండో చేత్తో కట్ట విప్పిన ఫైలు తిప్పుతూ ఉంటుంది. కాగితం మీద మెతుకు రాలితే చిటికెన వేలితో తుడిచేసి మళ్ళీ చదువుతుంది. అంతే. ఆ చిటికెన వేలు కోసం భానుశ్రీ ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తన లాంటి బతుకును ఎక్కడో సముద్రాల అవతల ఎవరో కూర్చుని చూశారు, చూసి రాశారు అనుకుంది.

ఫిబ్రవరిలో సీరియల్ మొదలైంది. శనివారం ఒక భాగం, ఆదివారం ఒక భాగం. చిటికెన వేలు మొదటి భాగంలోనే వచ్చింది, వచ్చి పోయింది. ఆ తర్వాత ఆ లాయరమ్మ అన్నం తిన్నది లేదు, ఫైలు తెరిచిందీ లేదు. హీరో కూడా లాయరే. లా కాలేజీలో ఆమెను ప్రేమించి, చెప్పకుండా మాయమై, ఇప్పుడు ఎదుటి పక్షం వకీలుగా ప్రత్యక్షమవుతాడు. మోకాళ్ళు దాటే కోటు వేసుకుని కోర్టు మెట్ల మీద నిలబడి గాలికి జుట్టు ఎగరనిస్తాడు. ఆమె ఎత్తు మడమల చెప్పుతో మెట్టు తప్పి పడబోతుంది, అతను పట్టుకుంటాడు. వాన వస్తుంది, గొడుగు ఒకటే ఉంటుంది. మూడో భాగంలో ఒకసారి, ఐదో భాగంలో ఒకసారి మళ్ళీ మెట్టు తప్పుతుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ సీరియల్‌లో న్యాయశాస్త్రం అంత. విడాకుల కోసం వచ్చిన మొగుడూ పెళ్ళాలు పెళ్ళి పందిట్లో కట్టిన అరటిచెట్ల మాదిరి అటొకరూ ఇటొకరూ నిలబడతారు. వాళ్ళ మధ్యలో ఈ వకీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు.

“దీనికంటే మన పెళ్ళి వీడియోలు నయం. వాటిలో అన్నాలన్నా పెడతారు,” అంది భానుశ్రీ.

“నీకు నచ్చకపోతే లోపలికి పో. నన్ను చూడనీ,” అంది వెంకటరత్నమ్మ.

కానీ భానుశ్రీ లోపలికి పోలేదు. ఆశపడి మోసపోయిన మనిషి కోపం అంత తేలిగ్గా లేచి పోదు. వారం వారం కూర్చుని, తప్పులు పట్టి, తిట్టుకుంటూ చూసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు హర్షవర్ధన్. గుడివాడ దగ్గర వాళ్ళది సొంతూరు. ఏలూరు రోడ్డులో ఆఫీసు, మంచి ప్రాక్టీసు. భానుశ్రీ కోర్టు వరండాల్లో అతన్ని చూడకపోలేదు గాని, ఎదురెదురుగా ఎప్పుడూ పనిచేయలేదు. వెంకటరత్నమ్మ పిన్ని కూతురు ఈ సంబంధం తెచ్చింది. “లాయరుకి లాయరు. ఒకరి తిప్పలు ఒకరికి తెలుస్తాయి,” అని ఆవిడ వాదన. ఆ వాదన ఎక్కడి నుంచి పుట్టిందో భానుశ్రీకి తెలుసు. తల్లీ, తల్లి చెల్లెలూ ఇద్దరూ ఆ సీరియలే చూస్తున్నారు.

బెంజి సర్కిల్ దగ్గర ఒక కాఫీ షాపులో కలుసుకున్నారు. ఐదు నిమిషాలు వాతావరణం, ఐదు నిమిషాలు వాయిదాలు అయ్యాక అతను కప్పు కింద పెట్టి అడిగాడు.

“మా అమ్మ ఒక కొరియా సీరియల్ చూస్తోందండీ. మీ ఇంట్లో కూడానా?”

“ఏదండీ, ఆ కోటు వీరుడిదా?”

“అదే. నాకొక్క సందేహం. ఆయన వకాలత్ ఎప్పుడు వేశాడంటారు? ఆరు భాగాలైంది, ఒక్క కాగితం మీద సంతకం పెట్టింది చూడలేదు నేను.”

భానుశ్రీ నవ్వింది. మర్యాదకు నవ్విన నవ్వు కాదు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత నవ్వు. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. పెళ్ళిచూపుల పేరుతో వచ్చిన మగవాళ్ళు ఇంతకు ముందు ఆమె నోటికి జడిసి కాఫీ చల్లారకముందే లేచిపోయినవాళ్ళే. ఇతను జడవలేదు సరికదా, ఆమె ఒకటంటే రెండు అందించాడు.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం భోజనాలు అలవాటయ్యాయి. వెంకటరత్నమ్మ గుత్తి వంకాయో, చేపల పులుసో చేసేది. తిన్నాక వెంకటప్పయ్య కునుకు తీయడానికి పోతే, మిగతా ముగ్గురూ ముందు గదిలో కూర్చుని ముందు రోజు వచ్చిన భాగం చూసేవాళ్ళు. చూడ్డం వెంకటరత్నమ్మది, వ్యాఖ్యానం వాళ్ళిద్దరిదీ.

“జడ్జిగారు కూడా నవ్వుతున్నాడండోయ్. ఈయన్ని మన దగ్గరికి బదిలీ చేయిస్తే బాగుండు.”

“ఇక్కడి ఉక్కపోతలో రెండు రోజులుంటే ఆ నవ్వు ఆరిపోతుందిలెండి.”

“కోటు చూశారా? రథసప్తమి దాటాక ఈయన్ని ఆ కోటుతో వన్ టౌన్‌లో నడిపించాలి. తోపుడు బండ్ల వాళ్ళే గొడుగు పడతారు.”

ఒక ఆదివారం హీరోయిన్ ఏడ్చే ఘట్టం వచ్చింది. ఆఫీసు మేడ మీద నిలబడి, ఊరి దీపాలన్నీ కింద మెరుస్తుండగా, ముఖం మీద పడ్డ జుట్టును ఆమె నెమ్మదిగా చెవి వెనక్కి నెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

“చూశారా? సర్దుకుని మరీ ఏడుస్తోంది,” అంది భానుశ్రీ. “సర్దుకునే తీరిక ఉన్న ఏడుపు ఏడుపేనా?”

హర్షవర్ధన్ తొడ మీద చరుచుకుని నవ్వాడు. “సర్దుకునే తీరిక ఉన్న ఏడుపు ఏడుపేనా. ఇది దాచుకోవాల్సిన మాటండీ,” అని మళ్ళీ అని చూసుకున్నాడు.

వెంకటరత్నమ్మ కళ్ళు తుడుచుకోబోయిన చెంగును ఒళ్ళోకి దించుకుంది. రిమోటు తీసి శబ్దం తగ్గించి, “పాలు పొయ్యి మీద పెట్టాను,” అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవు. భానుశ్రీకి ఆ సంగతి తెలుసు. అయినా, అదిగో హీరో అరవడం మొదలుపెట్టాడని హర్షవర్ధన్ చెప్తుంటే అటు తిరిగింది.

మార్చి నెలలో ఒక సాయంత్రం అతను ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

“మన సీరియల్ మన మీదకే వచ్చిందండీ. మీ కొండపల్లి కేసు ఉంది చూశారా, ఆ పిల్ల కేసు? అవతలి లాయరు పెద్దాయనకి గుండె ఆపరేషన్ అంట. ఫైలు నాకిచ్చారు.”

కొండపల్లి కేసంటే కనకలక్ష్మి కేసు. ఆమె కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేస్తుంది. భర్త తిరుపతిరావు థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనివాడు. ఇద్దరికీ పడక, వేరుపడి రెండేళ్ళు దాటింది. బడికెళ్ళే కూతురుంది. ఇంట్లో చిన్ని అని పిలుస్తారు. తిరుపతిరావు ఇప్పుడు కూతుర్ని తనకు అప్పగించమని కోర్టుకెక్కాడు. తల్లి పొద్దస్తమానం రంగుల గిన్నెల ముందు కూర్చుంటుందని, పిల్లను పట్టించుకోదని, ఆ వాసనలకు పిల్లకు దగ్గు పట్టిందని అతని పిటిషను. కనకలక్ష్మి తక్కువ మాట్లాడే మనిషి. ఏది అడిగినా ముందు ‘అవునండి’ అని, తర్వాత ఆలోచించుకుంటుంది. అలాంటి సాక్షిని తయారుచేయడానికి భానుశ్రీ మూడు ఆదివారాల పొద్దులు పోగొట్టుకుంది. వచ్చినప్పుడల్లా ఆమె వెంట చిన్ని కూడా ఉండేది.

హర్షవర్ధన్‌తో కేసు సంగతి ఇంట్లో ఎత్తకూడదని ఒప్పందం చేసుకుంది. మర్నాడు కనకలక్ష్మిని ఆఫీసుకు పిలిపించి ఉన్న మాట చెప్పింది.

“అవతల కొత్తగా వచ్చిన లాయరుతో మా ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మీకు ఇబ్బందనిపిస్తే చెప్పండి, ఇంకో లాయర్ని నేనే చూసి పెడతాను.”

కనకలక్ష్మి కాసేపు చేతి గోళ్ళలో ఇరుక్కున్న ఎర్ర రంగు చూసుకుంది. “మీరు నా వైపే కదండీ మాట్లాడేది?”

“మీ వైపే.”

“అయితే ఇంకేంటండి.”

క్రాస్ ఎగ్జామినేషన్ రోజు కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గాని గాలి జడ్జిగారి బల్ల దాటి రావడం లేదు. కనకలక్ష్మి ఉతికిన నేత చీర కట్టుకుని బోనులో నిలబడింది. హర్షవర్ధన్ లేచాడు. అతను పనిలో ఎలా ఉంటాడో భానుశ్రీ చూడ్డం అదే మొదలు. నిటారుగా నిలబడ్డాడు, కాగితం చూడకుండా మాట్లాడాడు, గొంతు పెంచలేదు. మంచి లాయరే అనుకుంది, కొంచెం గర్వంగా కూడా.

“బొమ్మలకి రంగులు మీరే వేస్తారా అమ్మా?”

“అవునండి.”

“కళ్ళూ ముక్కూ కూడా?”

“అవునండి.”

“కళ్ళు తీర్చేటప్పుడు తల తిప్పితే గీత పోతుందంటారు. నిజమేనా?”

“అవునండి.”

“అయితే పిల్ల ఏడ్చినా తల తిప్పరన్న మాట.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కనకలక్ష్మి నవ్వు వచ్చిన వైపు తిరిగి చూసింది. అతని ఆ గొంతు భానుశ్రీకి తెలుసు. ఆదివారాలు తన పక్కన సోఫాలో కూర్చుని పలికిన గొంతే. అదే విరుపు, మాటకీ మాటకీ మధ్య అదే చిన్న ఆగడం, నవ్వు కోసం వదిలిపెట్టే జాగా.

హర్షవర్ధన్ ఇంకో నాలుగు ప్రశ్నలు వేశాడు. ప్రతిదీ నున్నగా ఉంది, ప్రతిదాని చివరా ముల్లు ఉంది. బడి నుంచి పిల్లను ఒకరోజు పక్కింటావిడ తీసుకొచ్చిన సంగతి ఎత్తి, “పాపం, ఆ రోజు దశావతారాలూ పూర్తి చేయాల్సి వచ్చిందేమో,” అన్నాడు. ఈసారి నలుగురైదుగురు నవ్వారు. కనకలక్ష్మి తల దించుకుంది. దించుకోవడంలో భుజం మీది కొంగు జారింది. పైకి లాక్కుని, అదే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

హర్షవర్ధన్ ఒక్క క్షణం ఆగాడు. భానుశ్రీ వైపు కూడా చూశాడు, ఇద్దరికే తెలిసిన సంగతి పంచుకునేవాడిలా.

“సర్దుకునే తీరిక ఉన్న ఏడుపు ఏడుపేనా అమ్మా?”

హాలంతా నవ్వింది.

భానుశ్రీ లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది. “ఇది ప్రశ్న కాదండీ. సాక్షిని అవమానించడం. రికార్డులోకి పోకూడదు.”

జడ్జిగారు నవ్వలేదు. “ప్రశ్నలు అడగండి. వ్యాఖ్యానాలు వద్దు,” అని హర్షవర్ధన్‌కు గట్టిగానే చెప్పారు. హర్షవర్ధన్ అన్న మాట రికార్డుకు ఎక్కలేదు. కానీ ఎక్కాల్సిన చోటికి ఎక్కేసింది. ఆ తర్వాత కనకలక్ష్మి అడిగినదానికల్లా ‘అవునండి’ అనడం మొదలుపెట్టింది. పని ఒత్తిడిలో పిల్లకు అన్నం ఆలస్యమవుతుందా అంటే అవునండి. రంగుల వాసన పిల్లకు పడదా అంటే అవునండి. నాన్న దగ్గర పిల్ల సంతోషంగా ఉంటుందా అంటే అవునండి. మూడు ఆదివారాల పొద్దులు కృష్ణలో కలిసిపోయాయి. భానుశ్రీ మళ్ళీ లేచి నాలుగు ప్రశ్నలతో కొంత కుట్టు వేసింది. రంగుల పని వరండాలోకి మార్చానని, దగ్గుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది తానేనని కనకలక్ష్మి చేత చెప్పించగలిగింది. ఆమె చెప్పింది గాని, ఆ గొంతు మొదటి బెంచీ దాకా కూడా రాలేదు.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కనకలక్ష్మి తిట్టలేదు, ఏడవలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది.

“కొంగు జారిందండీ, అందుకని లాక్కున్నాను. అట్టా లాక్కోకూడదా మేడమ్?”

ప్రత్యర్థి ఎంతటివాడైనా అర క్షణంలో జవాబు దొరికే భానుశ్రీ, చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

“తప్పేం లేదు. మీరు సరిగ్గానే చేశారు,” అంది చివరికి.

“అందరూ నవ్వితేను, ఏదో తప్పు చేశాననుకున్నా.”

ఆమెను బస్సు ఎక్కించి వచ్చేసరికి హర్షవర్ధన్ కోర్టు క్యాంటీన్‌లో రెండు కాఫీలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి ఆమె వైపు జరిపాడు.

“బాగా తగులుకున్నారండీ ఇవాళ. కుర్చీ కూడా పడగొట్టారు. అచ్చం పదకొండో భాగం.”

భానుశ్రీ కూర్చోలేదు. “ఆ మాట ఎందుకన్నారు?”

“ఏ మాట? ఓ, అదా.” అతను మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయాడు. “మీ మాటే కదండీ. మీకు నచ్చుతుందనుకున్నా.”

“నేనన్నది టీవీలో బొమ్మ గురించి. డబ్బు తీసుకుని ఏడ్చే మనిషి గురించి.”

“బోనులో నిలబడి ఏడ్చేవాళ్ళు మాత్రం ఏం తక్కువ? మీరూ నేనూ రోజూ చూసేదేగా. నటన ఎక్కడున్నా నటనే.”

“ఆవిడ నటించలేదు. కొంగు జారింది.”

“అది నాకెలా తెలుస్తుందండీ? నాకు క్లయింటు ఉన్నాడు. వాడి పిల్ల కోసం వాడు వచ్చాడు. వాడి తరఫున నా పని నేను చేశాను. మీరు మగవాళ్ళని క్రాస్ చేసేటప్పుడు పూలు చల్లుతారా? ఆమధ్య ఆ బ్యాంకు ఆయన్ని మీరు చేసిన క్రాస్ గురించి బార్ అంతా చెప్పుకున్నారు. నేనూ విన్నాను. విన్నాకే ఈ సంబంధానికి సరేనన్నాను.”

అతను వెటకారంగా అనలేదు. మెచ్చుకోలుగానే అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధించింది. ఆ బ్యాంకు మనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నప్పుడు తానన్న మాట గుర్తొచ్చింది. అప్పుడూ హాలంతా నవ్వింది. ఆ మనిషి తర్వాత వరండాలో ఎక్కడ కూర్చున్నాడో, ఎవరిని ఏమడిగాడో ఆమె చూడలేదు.

“కాఫీ చల్లారుతోంది,” అన్నాడు హర్షవర్ధన్. “కోర్టు కోర్టే, ఇల్లు ఇల్లే. ఆదివారం రెండు భాగాలు కలిపి చూద్దాం. అయిపోవచ్చింది కూడా.”

“రావద్దండీ.”

“ఈ ఆదివారమా?”

“ఏ ఆదివారమూ వద్దు. మీ ఇంట్లో మీరు చెప్తారా, మా వాళ్ళ చేత చెప్పించమంటారా?”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. పరిహాసం కాదని తెలిసేందుకు కొంత సమయం పట్టింది. “ఒక్క మాటకా?” అన్నాడు. “మన ఇద్దరికీ కుదిరినంతగా ఎవరికి కుదురుతుందండీ? మనం ఎంత నవ్వుకున్నాం.”

“నవ్వుకున్నాం. అంతకు మించి ఏం చేశామో చెప్పండి.”

అతను ఆమె కాఫీ కప్పును ఇంకొంచెం ఆమె వైపు నెట్టాడు. భానుశ్రీ తన కాఫీ తాగకుండానే బయటికొచ్చింది.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది. వెంకటరత్నమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అరుస్తుందనుకుంది, పిన్ని కూతురికి ఏం ముఖం చూపించాలంటుందనుకుంది. ఆవిడ అలాంటిదేమీ అనలేదు.

“పిల్లాడు మంచివాడేలే. చెడ్డవాడని నేననను,” అంది. “కానీ నేను టీవీ చూస్తుంటే నన్ను చూసి నవ్వాడే.”

“నిన్ను చూసి కాదమ్మా. సీరియల్ చూసి.”

“నేను ఏడుస్తుంటే నవ్వితే ఎవర్ని చూసి నవ్వినట్టు? నువ్వూ నవ్వావు. సర్లే, ఇద్దరికీ జోడీ కుదిరిందిలే అని ఊరుకున్నా.”

భానుశ్రీ చాప మీద కూర్చుని చిక్కుళ్ళ పళ్ళెం తన వైపు లాక్కుంది. ఈనెలు సరిగ్గా రావడం లేదు.

ఆ ఆదివారం చివరి భాగం తల్లీ కూతుళ్ళిద్దరే చూశారు. భానుశ్రీ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఆ సీరియల్ ఆమెకు పరీక్ష పెట్టి మరీ చూపించింది. హీరో విమానాశ్రయంలో పరుగెత్తాడు. ఆ లాయరమ్మ విమానం ఎక్కనే లేదు, ఎక్కడో వెనక నిలబడి ఉంది. కోర్టు హాల్లో, జడ్జి ఎదుట, అతను వాదన ఆపేసి పెళ్ళి ప్రస్తావన చేశాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టేవాళ్ళలో ఆ రోజు విడాకులు కావాల్సిన జంట కూడా ఉంది.

పాట అయిపోయాక వెంకటరత్నమ్మ టీవీ కట్టేసింది.

“ఏం బాగోలేదే,” అంది. “ఇంతమంది విడాకులకొచ్చారు కదా. వాళ్ళు ఏమయ్యారో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తొమ్మిదో భాగంలో మొగుడు వదిలేసిన చేపలావిడ ఉంది చూడు, ఆవిడ ఎక్కడికి పోయింది? ఈ వెర్రిమొహాలిద్దరికీ పెళ్ళయితే మనకెందుకు, కాకపోతే మనకెందుకు?”

“నాకు చేపలావిడ గుర్తే లేదమ్మా.”

“ఎట్టా ఉంటుంది? ఆవిడొచ్చినప్పుడు మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు.”

వేసవి సెలవుల ముందు జడ్జిగారు చిన్నిని తన గదిలోకి పిలిపించుకుని మాట్లాడారు. ఏం అడిగారో, పిల్ల ఏం చెప్పిందో బయటికి రాలేదు. పిల్ల మాత్రం బిస్కెట్ ప్యాకెట్‌తో బయటికొచ్చి, తల్లి పక్కన కూర్చుని, తండ్రికి ఒకటి ఇచ్చి వచ్చింది. భానుశ్రీ సెలవుల్లో కొండపల్లి వెళ్ళి బడి టీచరు దగ్గర, డాక్టరు దగ్గర కావలసిన కాగితాలు సంపాదించింది. వాదనలు జూన్‌లో అయ్యాయి. హర్షవర్ధన్ ఎప్పటిలాగే బాగా వాదించాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, నవ్వించే మాట అతను అననూ లేదు. ఎదురుపడ్డప్పుడు ఇద్దరూ నమస్కారం పెట్టుకున్నారు. శ్రావణంలో అతనికి వేరే సంబంధం కుదిరిందని, అమ్మాయి డాక్టరని పిన్ని కూతురు ఫోన్‌లో చెప్పింది. చెప్పి, ఇటు వైపు ఏమంటారోనని ఆగింది. “మంచిదే,” అంది వెంకటరత్నమ్మ.

తీర్పు వచ్చిన రోజు కనకలక్ష్మి పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మోచేతి దగ్గర పసుపు రంగు అంటి ఉంది. భానుశ్రీ తీర్పు చదివి తెలుగులో చెప్పింది. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. ఆదివారాలు పొద్దున తండ్రి తీసుకెళ్ళి సాయంత్రం దింపాలి. సెలవుల్లో సగం అతని దగ్గర.

“అంటే మామూలు రోజులన్నీ నా దగ్గరేనా?”

“మీ దగ్గరే.”

“ఆదివారాలు మాత్రం ఉండదు.”

“పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తుంది.”

కనకలక్ష్మి తల ఊపింది. మెట్లు దిగబోయి ఆగింది. పిల్ల పుట్టాక ఒక్క ఆదివారం కూడా దాన్ని విడిచి ఉండలేదని, ఆ రోజే తలంటు పోసేదాన్నని, జుట్టు ఆరేదాకా కథలు చెప్పమని చంపేదని చెప్పింది. ఇన్ని నెలల్లో ఆమె భానుశ్రీతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు.

“మరి ఆదివారం నేనేం చేయనండీ?” అని అడిగింది.

చట్టంలో దానికి జవాబు లేదు. భానుశ్రీకి ఏదో అనాలనిపించింది. నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆపి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. కనకలక్ష్మి కూడా కూర్చుంది. బస్సుకు ఇంకా టైముంది.

“తలంటు శనివారం పోస్తే?” అంది భానుశ్రీ.

కనకలక్ష్మి ఆలోచించింది. “శనివారం బడి ఒంటిపూటండీ,” అంది. “పోయొచ్చు.”